ఒక కుంచె, పది ముఖాలు

రేడియోవారికి ముఖానికి రంగుతో పని లేదు. మైక్రోఫోను ముందు నిలిచిన హరిశ్చంద్రుడు చొక్కా, పంట్లాముతో ఉన్నా శ్రోతలకు మహారాజుగానే వినబడతాడు. కనుక వేషానికి వాడే రంగులను, కుంచెలను గురించి ప్రసంగించే అర్హత మాకు లేదని ఎవరైనా అంటే కాదనలేము. అయితే ఈ ఉద్యోగంలో చేరకముందు, విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజులలో, మేమూ కొంతకాలం రంగు పూసుకున్నవాళ్లమే. ఈ చరిత్రను వెదకడానికి మమ్మల్ని పురికొల్పినది ఆనాటి అనుభవం.

అప్పుడు ఆడినది హరిశ్చంద్ర నాటకం. తెర వెనుక ఒక బల్ల, ఒక అద్దం, ఒక రంగులపెట్టె, రంగు వేసే పెద్దమనిషి ఒక్కరు. పదిమంది నటులం వరుసగా ఆయన ముందు కూర్చున్నాము. అందరికీ ఒకే కుంచె, ఒకే స్పాంజి ముక్క, ఒకే కాటుకపుల్ల. ఆయన శుచి తెలియని మనిషి కాదు. ఒక్కొక్క ముఖం పూర్తికాగానే కుంచెను తన తుండుగుడ్డకు శ్రద్ధగా తుడిచేవారు. తుడిచిన కుంచె చూడడానికి శుభ్రంగానే ఉండేది. మూడవనాడు రెండవ ప్రదర్శన. ఆనాటికి మాలో ఆరుగురికి కండ్లకలక. కాటిసీనులో హరిశ్చంద్రుని కన్నులు ఎర్రబారి ధారగా కారుతూ ఉంటే, కరుణరసం పండిందని ప్రేక్షకులు మెచ్చుకున్నారు.

పెద్దవాళ్లకు వారం పది రోజులలో నెమ్మదించింది. లోహితాస్యుని వేషం కట్టిన పొరుగింటి పిల్లవానికి మాత్రం నల్లగుడ్డు మీద చుక్కలు చుక్కలుగా మసక నిలిచిపోయి, కొన్ని నెలలపాటు పుస్తకం సరిగా చదవలేకపోయాడు. వాని తల్లి మమ్మల్ని ఒక్కమాట అనలేదు. కుంచెను తుడుస్తూనే ఉన్నారు గదా, ఈ జబ్బు ఎలా ప్రాకింది అన్న ప్రశ్న మాత్రం మమ్మల్ని వదలలేదు.

మనిషి తన ముఖాన్ని పరుల చేతికి అప్పగించే వృత్తులు ముఖ్యంగా రెండు: క్షౌరం, ముఖాలంకరణ. ఇందులో మొదటిదానికి చరిత్ర పెద్దది, గుణపాఠాలూ ఎక్కువే. ఒకే సబ్బుగిన్నె, ఒకే నురుగు కుంచె ఊరందరి గడ్డాలకూ తిరగడం మన దేశపు వింత ఏమీ కాదు; లండనులోనూ, న్యూయార్కులోనూ అదే పద్ధతి. గడ్డపు కుదుళ్లలో పుట్టే చీముపొక్కులకు ఆంగ్లేయులు మంగలి దురద అనే అర్థం వచ్చే పేరే పెట్టుకున్నారు. 1897లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం క్షురకులకు లైసెన్సులు విధిస్తూ చట్టం చేసింది. తరువాత ఇతర రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి. మన క్షురకుల పొదిలో పటికబిళ్ల ఉండేది. కత్తి గాటు మీద పటిక రుద్దితే రక్తం కట్టేది, చర్మం బిగిసేది; అది మంచి ఆలోచనే. అయితే ఆ బిళ్ల కూడ ఒకరి గాటు మీద నుంచి మరొకరి గాటు మీదికి పోతూ ఉండేదని ఎవరికీ తోచలేదు.

కుంచె ఎంత భయంకరమైన వస్తువు కాగలదో లోకానికి తెలిపినది మొదటి ప్రపంచయుద్ధం. ఆ కథను కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

మేలైన గడ్డపు కుంచెలను బాడ్జర్ అనే జంతువు వెంట్రుకలతో చేసేవారు. 1914లో యుద్ధం రాగానే ఆ సరకు రావడం కష్టమైంది. వ్యాపారులు చైనా, సైబీరియాల గుర్రపు వెంట్రుకలను తెప్పించి, రంగువేసి, బాడ్జర్ వెంట్రుకల వలె కనిపించే కుంచెలను తయారు చేయించారు. యుద్ధానికి ముందు ఇటువంటి వెంట్రుకలు ఐరోపా కార్ఖానాలలో శుద్ధి పొందిన తరువాత గాని చేతికి వచ్చేవి కావు. ఇప్పుడు ఆ దారులు మూతపడ్డాయి; శుద్ధి సరిగా జరగని వెంట్రుకలే కుంచెలై, జపాను నుంచి కొన్ని, అమెరికా కార్ఖానాల నుంచి కొన్ని బజారుకు వచ్చాయి. ఇక్కడ సైనికులకేమో గడ్డం నున్నగా గీసుకోక తప్పదు. విషవాయువుకు అడ్డుగా ధరించే ముసుగు గడ్డం ఉంటే ముఖానికి బిగుతుగా అంటదు.

ఆ గుర్రాలలో కొన్నింటికి ఆంత్రాక్సు ఉండినది. మన పల్లెలలో పశువులకు వచ్చే దొమ్మరోగమే ఇది. ఈ రోగక్రిమి ప్రతికూల పరిస్థితులలో గట్టి పెంకు కట్టుకొని, బీజరూపంలో దశాబ్దాల తరబడి నిద్రపోగలదని 1876లో జర్మనీలో రాబర్ట్ కాక్ నిరూపించిన సంగతులు తెలియజేశాయి. వెంట్రుకను దువ్వినా, రంగు వేసినా ఆ బీజం చావదు. సైనికుడు కొత్త కుంచెతో నురుగు రుద్దుకుంటాడు, కత్తి ఎక్కడో కొంచెం గీరుతుంది, బీజం అక్కడ మేలుకొంటుంది. గడ్డం మీదనో మెడ మీదనో చిన్న పొక్కు లేస్తుంది. నొప్పి ఉండదు కనుక లెక్కచేయడు. రెండు మూడు రోజులలో అది నల్లని పెచ్చు కడుతుంది, చుట్టూ మెడ అంతా వాస్తుంది. బొగ్గు అనే అర్థం గల గ్రీకు మాటనుండే ఈ రోగానికి పేరు వచ్చింది. పెనిసిలిన్ ఇంకా పుట్టని కాలం అది. కొందరికి విషం మెదడు పొరలదాకా ప్రాకి ప్రాణమే పోయింది. బ్రిటనులోనూ అమెరికాలోనూ సైనికులకు, పౌరులకు కలిసి ఇటువంటి కేసులు రెండు వందలకు పైగా నమోదయ్యాయి.

ఇక్కడ గమనించదగినది ఒకటి ఉన్నది. ఆ కుంచెలు పాతవి కావు, ఒకరు వాడి ఒకరికి ఇచ్చినవీ కావు. కాగితం చుట్ట విప్పి అప్పుడే బయటికి తీసిన కొత్త కుంచెలు. కంటికి ఏ మురికీ లేదు. మా రంగులాయన తుండుగుడ్డకు తుడిచి చూపిన కుంచె మాకు వెంటనే జ్ఞాపకం వచ్చింది. రోగక్రిములు రెండుచోట్లా వేరే గాని, కన్ను చేసిన మోసం ఒకటే.

బ్రిటిషు ప్రభుత్వం 1919లో ఆంత్రాక్సు నివారణ చట్టం చేసి, 1920లో జపాను గడ్డపుకుంచెల దిగుమతిని నిషేధించింది. 1921లో లివర్పూలులో ఉన్నికి, వెంట్రుకలకు శుద్ధికేంద్రం పెట్టింది. డకరింగ్ అనే కార్ఖానాల తనిఖీ అధికారి రూపొందించిన పద్ధతి ప్రకారం సరకును ముందుగా సబ్బునీటిలో నానబెట్టి జిడ్డు వదలగొట్టి, ఆ తరువాతే ఫార్మాల్డిహైడు ద్రావణంలో ముంచేవారు. ఈ వరుస ముఖ్యం. జిడ్డు చాటున దాగిన క్రిమిని మందు చేరలేదు.

ఇక రంగస్థలం మాట. రంగుపొడులను కొవ్వులో కలిపి కడ్డీలుగా పోసి అమ్మిన ఘనత 1873లో బెర్లినులో కార్ఖానా పెట్టిన లుడ్విగ్ లైక్నర్ అనే సంగీతనాటక గాయకునిది. సీసం కలిసిన తెల్లపొడులతో ముఖాలు పాడుచేసుకుంటున్న నటులకు అది గొప్ప మేలు. కాని కడ్డీని ముఖం మీదనే రుద్దాలి. ఒకే కడ్డీ పదిమందికి తిరిగితే పదిమంది చర్మమూ దానికి అంటుతుంది. 1914లో లాసేంజిలిసులో మాక్స్ ఫాక్టర్ సినిమా నటులకోసం మెత్తని క్రీము రంగును పన్నెండు ఛాయలలో తయారుచేసి డబ్బాలలో ఇచ్చాడు. డబ్బాలోనికి వేళ్లు దిగుతాయి, కుంచె దిగుతుంది, ముఖాన్ని తాకి మరల దిగుతుంది. 1922లో ఆయన దానినే పిండే ట్యూబులో పెట్టాడు. చూడడానికి ఇది అమ్మకపు సౌకర్యం. మా దృష్టిలో మాత్రం ఈ చరిత్ర అంతటిలోనూ తెలివైన అడుగు ఇదే. ట్యూబునుండి బయటికి వచ్చిన రంగు మరల లోపలికి పోలేదు. రాకకే గాని పోకకు వీలు లేని దారి.

కంటిరంగుకు ఆ భాగ్యం దక్కలేదు. రెప్పవెంట్రుకలకు రాసే మస్కారాలో పుల్ల బయటికి వచ్చి రెప్పను తాకి, తిరిగి సీసాలోనికే పోవాలి. 1971లో అమెరికాలో కంటివైద్యుడు లూయీ విల్సన్, ఆయన సహచరులు వాడిన కంటిరంగులను పరీక్షించి, అందులో క్రిములు పెరుగుతున్నట్లు చూపారు. 1977లో విల్సన్, అహెర్న్ ప్రకటించిన వ్యాసంలో మస్కారాపుల్ల గీరుకొని నల్లగుడ్డు మీద పుండుపడిన రోగుల వృత్తాంతాలున్నాయి. పుండులోనూ, ఆ సీసాలోనూ ఉన్న క్రిమి ఒకటే. మన ఇండ్లలో అక్కచెల్లెళ్లందరికీ ఒకే కాటుకపుల్లతో తీర్చే తల్లులు దీనిని గమనించవలె. పిల్లల చూపును తరతరాలుగా తినివేసిన ట్రకోమా కండ్లరోగం చేతులతో, తుండుగుడ్డలతో పాటు ఆ పుల్లలతోనూ ఇంటింటా తిరిగింది. ట్రకోమా మన దేశంలో ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించినది 2024లోనే.

ఈనాడు పని తెలిసిన అలంకరణకారులు పాటించేది ఈ చరిత్ర నేర్పినదే. డబ్బాలోని రంగును లోహపు గరిటెతో పళ్లెంలోకి తీసుకుంటారు. పళ్లెంలోది డబ్బాలోకి పోదు. మస్కారాకు మనిషికొక పుల్ల, అదీ ఒకసారి ముంచినదే. పెన్సిలును ప్రతి ముఖానికీ ముందు చెక్కి, స్పిరిటుతో తుడుస్తారు. కుంచెను మొదట గోరువెచ్చని సబ్బునీటితో కడిగి జిడ్డు పోగొట్టి, తరువాత నూటికి డెబ్బై పాళ్ల స్పిరిటుతో తడిపి ఆరనిస్తారు. నూటికి నూరు పాళ్లది ఇంకా మంచిది కాదా అని కొందరు అడుగుతారు. కాదు. కొంత నీరు ఉంటేనే స్పిరిటు క్రిమి దేహంలోని మాంసకృత్తులను గడ్డకట్టించగలదు. శుద్ధ స్పిరిటు ఆ పని పూర్తికాకముందే ఆరిపోతుంది. ఆంత్రాక్సు బీజాలకు మాత్రం స్పిరిటు చాలదు. వాటి సంగతి వెంట్రుక కుంచెగా మారకముందే చూడాలి.

ఇటీవల ఒక బంధువుల పెండ్లికి వెళ్లి, పెండ్లికూతుర్ని అలంకరిస్తున్న గది గుమ్మంలో కాసేపు నిలబడ్డాము. ఆ అమ్మాయి బల్లపై లోహపు పళ్లెం, కడిగి ఆరబెట్టిన కుంచెలు వరుసగా ఉన్నాయి. పెండ్లికూతురి పెదవులకు రంగు వేసి, పళ్లెంలో మిగిలిన దానిని కాగితంతో తుడిచి బుట్టలో పడవేసింది. మూల కుర్చీలో కూర్చున్న పెండ్లికూతురి మామ్మగారు ఊరుకోలేదు.

“ఇంత రంగు పారవేస్తావేమమ్మా? ఇంకో నలుగురికి సరిపోయేది గదా!”

“మీ మనవరాలి పెదవికి తగిలిందండీ మామ్మగారూ. మళ్లీ డబ్బాలో పెట్టకూడదు.”

మామ్మగారు ఒక్కక్షణం ఆలోచించి, కుర్చీని అద్దం వైపు జరుపుకున్నారు.

“అయితే నాకు కొత్తది తియ్యి.”