బోగీ అనే బూచాడు



భోగి అంటే మనకు సంక్రాంతికి ముందురోజు. పాత చాపలు, విరిగిన పీటలు తెల్లవారుజామున మంటలో వేసి, సాయంత్రం పిల్లల తలమీద రేగుపళ్ళు పోస్తాం. బోగీ అంటే మా మేడ్చల్ స్టేషన్‌లో ఆగే రైలుపెట్టె. నిజామాబాదు బండి వస్తున్నదంటే ఆడవాళ్ళ బోగీ ఎక్కడ ఆగుతుందోనని సంచులు పట్టుకొని పరుగెత్తని ఇల్లాలు మా ఊళ్ళో ఉండదు. మూడో బోగీ ఒకటున్నది. అది గోల్ఫు ఆటలోది. మూడూ చెవికి ఒక్కలాగే వినిపిస్తాయి గాని చుట్టాలు మాత్రం కావు.

గోల్ఫు దొరల ఆట, మనకెందుకులే అంటారేమో! మైదానాలు మరీ దూరమేం కావు. సికింద్రాబాదు కంటోన్మెంటులో సైన్యంవారిది ఒకటున్నది. గోల్కొండ నయా ఖిల్లాలో మరొకటున్నది. ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పచ్చికలో పద్దెనిమిది చోట్ల చిన్న గుంటలుంటాయి. బంతిని కర్రతో కొడుతూ ఒక్కొక్క గుంటలో వేసుకుంటూ పోవాలి. ఎన్ని తక్కువ దెబ్బలకు పడితే అంత గొప్ప. ఈ గుంటకు ఇన్ని దెబ్బలు అని ముందే ఒక లెక్క కట్టి పెడతారు. దాని పేరు ‘పార్’. దానికి ఒక దెబ్బ తగ్గితే ‘బర్డీ’, అంటే పిట్ట. రెండు తగ్గితే ‘ఈగిల్’, గద్దన్నమాట. ఒకటి పెరిగిందో, ‘బోగీ’. పిట్టలన్నీ మంచివే, బోగీ మాత్రం చెడ్డది.

పుట్టినప్పుడు అది చెడ్డమాట కాదు. 1890లో ఇంగ్లండులో కోవెంట్రీ గోల్ఫు క్లబ్బు కార్యదర్శి హ్యూ రోథరామ్‌కు ఒక ఆలోచన తట్టింది. ఎదుటివాడితో పోటీపడే బదులు, తప్పు చెయ్యని మంచి ఆటగాడు ఒక్కొక్క గుంటకు ఎన్ని దెబ్బలు తీసుకుంటాడో లెక్కగట్టి, ఆ లెక్కతోనే పోటీ పడితే ఏం? ఈ పద్ధతి గ్రేట్ యార్మత్ క్లబ్బుకూ పాకింది. అక్కడి కార్యదర్శి డాక్టర్ బ్రౌన్. ఆ రోజుల్లో పిల్లల్ని పట్టుకుపోయే బోగీమాన్ మీద ఒక నాటకశాల పాట అందరి నోళ్ళలోనూ నానుతున్నది. మేజర్ వెల్‌మన్ అనే ఆయన ఆ లెక్కతో ఆడి ఆడి విసిగిపోయి, మీ ఆటగాడు అచ్చం బోగీమానేనయ్యా అన్నాడట. పేరు అలా అతుక్కుపోయింది.

బోగీమాన్ ఎవరో వేరే చెప్పాలా? మన బూచాడే! శామీర్‌పేట చెరువుకట్ట మీద బూచోడున్నాడు, ముద్ద మింగకపోతే వస్తాడు అని మా పిల్లల్ని ఎన్నిసార్లు భయపెట్టామో! ఇంగ్లీషు తల్లులూ అదే పని చేశారు. రెండు మాటల్లోనూ ‘బ’కారం ఉన్నదని ఒకే వంశం అనెయ్యకూడదు సుమండీ.

ఇంకో తమాషా. 1892లో ఈ లెక్క గోస్‌పోర్ట్‌లోని సైనికాధికారుల క్లబ్బుకు చేరింది. అక్కడ సభ్యులందరికీ హోదాలున్నాయి. ఎన్నడూ పొరపాటు చెయ్యనివాడికి చిన్న హోదా ఇస్తే బాగుంటుందా? ‘కర్నల్ బోగీ’ అన్నారు. 1914లో రికెట్స్ అనే సైనిక సంగీతకారుడు ఆ పేరుతో కవాతు బాణీ కట్టాడు. ‘బ్రిడ్జి ఆన్ ది రివర్ క్వాయ్’ (1957) సినిమాలో ఖైదీలు ఈలవేసేది అదే.

కంటికి కనిపించడు, అలసిపోడు, తప్పు చెయ్యడు. ఇలాంటి కర్నల్ మన ఇళ్ళల్లోనూ ఉన్నాడు. “ఫలానావారి కోడలు ఎనిమిదింటికల్లా వంట ముగించి, గచ్చు అద్దంలా పెడుతుందిట” అంటారు. ఆ కోడల్ని చూసినవాళ్ళు మాత్రం ఎవరూ ఉండరు!

మరి అంతటి కర్నలు దిగజారిందెట్లా? ఆయన తప్పేమీ లేదు. 1898లో అమెరికాలో హాస్కెల్ అనే ఆయన లోపల రబ్బరుదారం చుట్టిన బంతి కనిపెట్టాడు. పాత బంతికంటే అది చాలా దూరం పోయేది. దెబ్బలు తగ్గసాగాయి. బ్రిటన్‌లో చాలా క్లబ్బులు బోగీ లెక్కను పాతదే ఉంచుకున్నాయి. అమెరికా సంఘంవారు మాత్రం 1911లో దూరాన్నిబట్టి ‘పార్’ను గట్టిగా బిగించారు. 225 గజాల దాకా మూడు దెబ్బలే, ఆపైన 425 దాకా నాలుగే. మేటి ఆటగాళ్ళ కొలత పార్ అయింది. నిన్నటి మంచి ఆటగాడు ఒక దెబ్బ వెనకబడ్డాడు. ఆ వెనకబాటుకే ఆయన పేరు మిగిలింది.

ఆ ఒక్క దెబ్బ విలువ ఎంతో 2021 ఆగస్టు 7న తెలిసింది. టోక్యో ఒలింపిక్స్‌లో బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ ఆఖరిరోజు ఆటకు రెండో స్థానంలో దిగింది. కర్రల సంచి మోస్తూ వెంట నడిచింది ఎవరనుకున్నారు, కన్నతల్లి! మా వీధిలో గోల్ఫు కర్ర ఎలా ఉంటుందో ఎరగనివాళ్ళు కూడా ఆ పొద్దున టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ రోజు అదితికి అయిదు పిట్టలు దొరికాయి. బోగీలు రెండు, తొమ్మిదో గుంట దగ్గర ఒకటి, పదకొండో గుంట దగ్గర ఒకటి. నాలుగు రోజులూ కలిపి ఆమె పార్‌కు 15 తక్కువ. కాంస్యం గెలిచిన న్యూజిలాండు అమ్మాయి లిడియా కో 16 తక్కువ.