హైదరాబాద్‌లో కుంగ్‌ఫూ సినిమా

చైనా యుద్ధవిద్యల చుట్టూ కథ అల్లి హాంకాంగ్ స్టూడియోలు తీసిన పోరాట చిత్రాలే కుంగ్‌ఫూ సినిమాలు. హైదరాబాద్‌లో మాత్రం చాలాకాలం వాటిని చైనా సినిమాలని ఎవరూ అనలేదు. అవి ‘ఇంగ్లీష్ పిక్చర్లు’. మాండరిన్‌లోనో కాంటొనీస్‌లోనో తీసిన బొమ్మ ఇంగ్లీషు డబ్బింగుతో దిగేది. తెర మీద పెదవులు ఒకటంటే చెవికి ఇంకోటి వినిపించేది. ఆ ఇంగ్లీషు అర్థం కాకపోయినా కథ బోధపడేది: గురువును చంపారు, శిష్యుడు పగ తీర్చుకోవాలి, దానికి ముందు విద్య నేర్వాలి.

ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాన్ని ఆనుకుని ఉన్న తార్నాక ఈ కథలో ఒక మూల. తార్నాకలో ఆరాధన థియేటరు ఉంది కానీ అది తెలుగు బొమ్మల హాలు. ఇంగ్లీషు సినిమా కావాలంటే మెట్టుగూడ మీదుగా సికింద్రాబాద్ బాట పట్టాల్సి వచ్చేది. రైల్వే స్టేషనుకు దగ్గర్లోని సంగీత్ ఇంగ్లీషు సినిమాలకు పేరుమోసిన హాలు. ఇప్పుడది లేదు, కూల్చేశారు. ఆ కూడలిని జనం ఇంకా సంగీత్ చౌరస్తా అనే పిలుస్తారు.

హాంకాంగ్‌లో ఈ సినిమాలకు పాత వంశవృక్షమే ఉంది. 1949లో వాంగ్ ఫే-హుంగ్ అనే వైద్యుడు, యుద్ధవిద్యా గురువు జీవితం మీద మొదలైన వరుసలో క్వాన్ టాక్-హింగ్ డెబ్బైకి పైగా చిత్రాల్లో అదే వేషం కట్టాడు. 1966లో కింగ్ హు తీసిన ‘కమ్ డ్రింక్ విత్ మి’, 1967లో చాంగ్ చే తీసిన ‘వన్-ఆర్మ్‌డ్ స్వోర్డ్స్‌మన్’ షా బ్రదర్స్ సంస్థకు కత్తియుద్ధాల కాలాన్ని తెచ్చాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే తెలుగు తెర మీద విఠలాచార్య జానపదాలు ఆడుతున్నాయి. నల్గొండ జిల్లా నుంచి వెళ్లిన కాంతారావు ‘కత్తి కాంతారావు’ అయ్యాడు. గాల్లోకి ఎగిరే వీరుడు, గురువు దగ్గర నేర్చిన విద్య, అడ్డదారి తొక్కిన తోటి శిష్యుడు తెలుగు ప్రేక్షకుడికి అప్పటికే అలవాటైన సరంజామా. కుంగ్‌ఫూ సినిమా కొత్తగా అనిపించిందే తప్ప పరాయిగా అనిపించకపోవడానికి పెద్ద కారణం ఇదే.

తర్వాత బ్రూస్ లీ వచ్చాడు.

1970లో రేమండ్ చౌ స్థాపించిన గోల్డెన్ హార్వెస్ట్ సంస్థ మరుసటి ఏడాది ‘ది బిగ్ బాస్’ విడుదల చేసింది. థాయిలాండ్‌లో ఐసు ఫ్యాక్టరీలో పనికి చేరిన చైనా కుర్రాడి కథ అది. కొట్లాటకు పోనని అమ్మకు మాటిచ్చాడు, ఆ మాటకు గుర్తుగా మెడలో ఒక బిళ్ల. తోటి కూలీలు ఒక్కొక్కరే మాయమవుతుంటారు. అన్యాయం కళ్ల ముందే జరుగుతున్నా అతను పిడికిలి బిగించి ఊరుకుంటాడు. చివరికి తోపులాటలో ఆ బిళ్ల తెగిపోతుంది. అప్పటిదాకా బిగపట్టిన హాలు ఒక్కసారిగా లేస్తుంది. అమ్మకిచ్చిన మాట, యజమాని దౌర్జన్యం, తెగే దాకా ఓర్పు... ఇందులో తెలుగు ప్రేక్షకుడికి విడమరిచి చెప్పాల్సింది ఏముంది? 1972లో ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’, ‘ది వే ఆఫ్ ది డ్రాగన్’ వచ్చాయి. ‘ఎంటర్ ది డ్రాగన్’ విడుదలకు ముందే, 1973 జులై 20న, 32 ఏళ్లకే లీ చనిపోయాడు. తెలుగులో ఆ పేరు ఒక నుడికారమై నిలిచిపోయింది. గల్లీలో చేయి విసిరిన ప్రతి పిల్లాణ్నీ ‘పెద్ద బ్రూస్‌లీ అనుకుంటున్నావా?’ అని అడిగినవారే.

‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’లో శత్రువులు జపాన్ కరాటే బడివాళ్లు. హీరోది చైనా విద్య. ఆ సినిమాలు చూసి ఉత్సాహపడ్డ మన కుర్రాళ్లు వెళ్లి చేరింది మాత్రం కరాటే క్లాసుల్లోనే. ఊళ్లో దొరికింది అదే కాబట్టి కుంగ్‌ఫూ, కరాటే, తైక్వాండో అన్నీ కలిసి జనం నోట ‘కరాటే’ అయిపోయాయి. వెండితెర మీద సుమన్, భానుచందర్ ఆ మోజుకు ముఖాలయ్యారు. ఇద్దరూ విద్య నేర్చుకుని వచ్చినవారే.

ఈ సినిమాల ఆకర్షణ దెబ్బలాటలో ఉందనుకుంటే సగమే చూసినట్టు. 1978లో లౌ కార్-లియుంగ్ దర్శకత్వంలో గోర్డన్ లియూ నటించిన ‘ది 36త్ ఛాంబర్ ఆఫ్ షావొలిన్’ అందుకు గట్టి సాక్ష్యం. అందులో ప్రధాన భాగమంతా అభ్యాసమే. అన్నశాలకు వెళ్లాలంటే నీళ్లలో తేలే దుంగల మీద అడుగేసి దాటాలి, జారితే నీళ్లలో పడాలి. రెండు చేతులూ బార్లా చాపి నీళ్ల బకెట్లు మోయాలి. చేతులు వాలితే దండలకు కట్టిన కత్తులు పక్కటెముకల్లో దిగుతాయి. దైవబలమో పుట్టుకతో వచ్చిన వంశబలమో లేని మామూలు మనిషి, ఒళ్లు హూనం చేసుకుని ఒక్కో గది దాటి పైకి వస్తాడు. పల్లె నుంచి వచ్చి హాస్టలు గదిలో పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న విద్యార్థికి ఇంతకంటే దగ్గరి కథ ఉండదు.

షావొలిన్ మఠం అనగానే, అక్కడ యుద్ధవిద్య నేర్పాడని చెప్పుకునే బౌద్ధ భిక్షువు బోధిధర్ముడు ‘మనవాడే’ననే మాట వస్తుంది. సూర్య నటించిన ‘సెవెన్త్ సెన్స్’ (2011) ఆ నమ్మకాన్ని ఇంటింటికీ చేర్చింది. ఆయన దక్షిణ భారతీయుడని కొన్ని చైనా గ్రంథాలు చెబుతాయి, పర్షియా వాడని మరొకటి చెబుతుంది. ఆయన్ని వ్యాయామవిద్యతో ముడిపెట్టిన ‘యిజిన్ జింగ్’ మాత్రం 17వ శతాబ్దపు రచన. యుద్ధవిద్య ఆయనే నేర్పాడన్నది ఐతిహ్యం వరకే.

తెలుగు సినిమా మీద ఈ చిత్రాల ముద్ర అన్నిటికంటే లోతుగా పడింది ఒక కాలేజీ కథలో. ‘ది వే ఆఫ్ ది డ్రాగన్’లో రోమ్ నగరంలోని చైనా రెస్టారెంటును రౌడీలు పీడిస్తుంటే హాంకాంగ్ నుంచి ఒక కొత్తవాడు దిగుతాడు. ఆ రెస్టారెంటు స్థానంలో కాలేజీని పెట్టుకుని 1989 నాటి ‘శివ’ కథను అల్లుకున్నానని రామ్‌గోపాల్ వర్మ స్వయంగా చెప్పుకున్నారు. ‘శివ’లో నాగార్జున సైకిల్ చైను తెంపే ఘట్టం వెనక కూడా లీ సినిమా పాఠమే కనిపిస్తుంది: దెబ్బ కంటే దెబ్బకు ముందున్న నిశ్శబ్దం ముఖ్యం. ‘ది వే ఆఫ్ ది డ్రాగన్’ చివర రోమ్‌లోని కలోసియంలో చక్ నోరిస్‌తో తలపడే ముందు లీ తీరిగ్గా ఒళ్లు విరుచుకుంటాడు, కీళ్లు సడలించుకుంటాడు, పక్కన ఒక పిల్లికూన చూస్తుంటుంది. చివర్లో చనిపోయిన ప్రత్యర్థి మీద అతని అంగీనే కప్పి మోకరిల్లుతాడు.

ఆ తర్వాత హీరో శిక్షణే కథకు ఇరుసైన సినిమాలు వరసకట్టాయి. పవన్ కల్యాణ్ ‘తమ్ముడు’ (1999) కిక్‌బాక్సింగ్ కథ. ‘జానీ’కి (2003) ఆయనే దర్శకుడు. జిమ్నాస్టిక్స్ నుంచి ఫైట్లకు, ఫైట్ల నుంచి హీరో వేషాలకు వచ్చిన శ్రీహరి ‘భద్రాచలం’లో (2001) తైక్వాండో పట్టాడు.

నేల టికెట్టు వినోదమని పెద్దలు పక్కన పెట్టిన ఈ బొమ్మల్ని విశ్వవిద్యాలయాలు ఆలస్యంగానైనా పట్టించుకున్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో తెలుగు సినీ అభిమానుల మీద పరిశోధన చేసిన ఎస్.వి. శ్రీనివాస్, హాంకాంగ్ సినిమాలు భారతదేశపు బి-సర్క్యూట్ హాళ్లకు ఎలా చేరాయో 2003లో ఒక వ్యాసంలో వివరించారు. 2005లో వెలువడిన ‘హాంకాంగ్ కనెక్షన్స్’ సంకలనంలో ఆ చిత్రాలకూ తెలుగు మాస్ హీరోకూ ఉన్న చుట్టరికాన్ని పరిశీలించారు. చిన్న ఊళ్ల హాళ్లు, చిన్న పంపిణీదారులు, అరిగిన ప్రింట్లు కూడా సినిమా చరిత్రేనని నిలబెట్టిన పని అది.

బ్రూస్ లీకి నివాళిగా వర్మ తీసిన ‘లడ్‌కీ’ 2022 జులై 15న విడుదలైంది. అందులో తెర నిండా పోరాడేది అమ్మాయి, పూజా భలేకర్. ఉస్మానియా ఆవరణ పక్కనే ఉన్న ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో ఇవాళ చైనీస్ నేర్పుతున్నారు. డబ్బింగు గొంతుల వెనక ఇన్నాళ్లూ వినపడని మాటను అక్కడి విద్యార్థి నేరుగా వినగలడు.