పోయినోళ్లతో మాట్లాడే కొండల్లోకి మారని కనికరం ఎలా వచ్చింది?

మన సవరల్లో క్రైస్తవం మాట వచ్చిందంటే రెండే వాదనలు వినిపిస్తాయి. "మందుబిళ్లకీ పాలపొడికీ మారిపోయారు" అని ఒకరు, "చీకట్లోంచి వెలుగులోకి వచ్చాం" అని ఇంకొకరు. నాకు రెండూ నచ్చవు. మొదటి మాట మారిన తాతలను తెలివితక్కువోళ్లను చేస్తుంది, రెండోది మారని తాతలను. వాళ్లకు ఆ కొత్త దేవుడిలో ఏం ఊరట దొరికిందో మాత్రం ఎవరూ అడగరు. (మతం మారితే ఎస్టీ పోతుందా అనే గొడవ ఇక్కడ వద్దు. 1950 నాటి ఎస్టీ ఉత్తర్వులో మతం షరతు లేదు, అంతవరకే.)

ముందు దారి చెబుతాను. కోటబొమ్మాళిలో పలాస వైపు రైలెక్కితే దారిలో తగిలేది ఉప్పు మడుల నౌపడ. అక్కడి నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900లో అక్కడి రాజావారు చిన్న రైలు వేయించారు. 1931 నాటికి అది గుణుపురం చేరింది. కొండల నుంచి సరుకు దిగడానికీ, ఉప్పూ బట్టా ఎక్కడానికీ ఈ దారే. షావుకారూ ఇటే వచ్చాడు, మాస్టారూ ఇటే వచ్చారు, పాదిరీ ఇటే వచ్చాడు.

క్రీస్తు మాట అయితే రైలు కంటే ముందే ఇక్కడికి వచ్చింది. తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పురుషోత్తమ చౌదరి పేరు పదేపదే కనిపిస్తుంది. 1803లో పుట్టిన ఆయనది ఎక్కడో గుంటూరు, మద్రాసు కాదు, పర్లాకిమిడి దగ్గర మదనాపురం. బ్రాహ్మణ కుటుంబం. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకుని, 1890లో పోయేదాకా పాటలు కట్టారు. దిక్కులేనివాడు దయ కోసం పెట్టుకునే మొర ఆ పాటల్లో మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. తర్వాత కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్లు వచ్చారు. 1870ల్లో భీమిలి, శ్రీకాకుళం, బొబ్బిలి, ఆ తర్వాత టెక్కలి, పర్లాకిమిడి. అక్కడి నుంచి కొండమీద సెరంగో దాకా వెళ్లి ఆసుపత్రి పెట్టారు.

కానీ సవరల్లో చాలాకాలం కదలిక లేదు. ఎందుకంటే మనవాళ్లకు ఓదార్పు కొరతే లేదు. ఇది సరిగా అర్థం కావాలి.

మన పాత పద్ధతిలో మనిషి చనిపోతే మాట ఆగదు. కుడన్ (కొన్ని ఊళ్లలో ఎజ్జోడు అంటారు), చాలాచోట్ల ఆడమనిషి, కాళ్లు చాపుకుని కూర్చుని పాడుతూ పాడుతూ పాతాళానికి దిగిపోతుంది. అప్పుడు పోయినవాళ్లు ఒక్కొక్కరే ఆమె నోటితో మాట్లాడతారు. కల్లు పోయమంటారు, తిడతారు, ఏడుస్తారు, జోకులేస్తారు. "నన్ను ఎందుకు సరిగా చూడలేదు?" అని తల్లి అడిగితే కొడుకు సమాధానం చెప్పుకోవాలి. బతికుండగా అనలేని మాట ఇక్కడ అనొచ్చు. రాయి నాటి గువార్ చేస్తారు, దున్నను కోస్తారు, ఏళ్ల తరబడి మాట్లాడతారు. చివరికి ఆ పోయిన మనిషి కింది లోకంలో మరోసారి చనిపోయి సీతాకోకచిలుక అయిపోతాడు. ఇక మాట్లాడడు. అప్పటికి ఇటువైపు వాళ్ల దుఃఖం కూడా అరిగిపోయి ఉంటుంది. పియర్స్ విటెబ్‌స్కీ అనే ఆంత్రోపాలజిస్టు 1975లో ఒడిశా వైపు సవర ఊళ్లకు వచ్చి, మన భాష నేర్చుకుని, దీనిమీద రెండు పుస్తకాలు రాశాడు. మన ముసలోళ్లు చేసింది ఏ మానసిక వైద్యానికీ తీసిపోదని ఆ పుస్తకాలు చదివితే తెలుస్తుంది.

మరి ఇంత మంచి ఓదార్పు ఉంటే జనం ఎందుకు మారారు?

ఏటంటే, ఆ ఓదార్పుకు ఒక భయం అంటుకుని ఉంది. పోయినవాళ్ల మనసు నిలకడగా ఉండదు. నిన్న పంటలోకి బలమై వచ్చిన నాన్నే ఇవాళ ఆకలేసి జబ్బై వస్తాడు. దగ్గుతో పోయినవాడు దగ్గే తెస్తాడు. ప్రేమ లేక కాదు, ప్రేమ ఉండే దగ్గరికి రమ్మని లాగుతాడు. చెట్టుమీంచి పడిపోయినవాళ్లు, చిరుత పట్టుకుపోయినవాళ్లు, మశూచికి పోయినవాళ్లు ఇంకా కష్టం. పిల్లకు జ్వరం వస్తే "ఎవరు పట్టారు? ఏం కావాలంటున్నారు?" అన్నదే మొదటి ప్రశ్న. కోడి, మేక, పంది, దున్న. దున్న ఊరికే రాదు, అప్పు చేయాలి. అప్పు అంటే కొండకింది షావుకారు, అంటే చింతపండు, కందులు, చివరికి పొలం. అందుకే ఒక్క కొడుకు జబ్బు మూడు తరాల బాకీ అయ్యేది. నా లెక్కలో ఇది మతం కథ ఎంతో, అప్పు కథా అంతే.

ఆ ఇంట్లోకి ఒక కొత్త మాట వచ్చింది: దేవుడి కనికరం పూటకో రకంగా ఉండదు. ఆయనకు ఆకలేయదు, అలగడు, పిల్లను పట్టడు. ఇయ్యాల్సింది ఇచ్చేశాడు, ఇక దున్న అక్కర్లేదు. దిగువ చర్చిల్లో పుట్టినప్పటి నుంచీ ఈ మాట వినేవాళ్లకు ఇది మామూలు ప్రసంగంలా ఉంటుంది. రాత్రి జ్వరంతో మండే పిల్లను ఒళ్లో పెట్టుకుని, "ఈసారి ఎవరు?" అని వణికే తల్లికి అది మామూలు మాట కాదు. "మారనివాడు" అన్న ఒక్క గుణమే ఆమెకు సువార్త. అయినా పెద్ద ఎత్తున మారింది 1970ల తర్వాతే. బడి చదువు, మందులు, షావుకారు మీద తిరగబడిన కాలం అన్నీ అందులో కలిశాయి. ఆ కారణాలున్నాయని ఊరట అబద్ధం అయిపోదు.

బైబిల్లో ఈ మాట ఎక్కడుందో కూడా చూడాలి. పండగ పాటలో లేదు, విలాపవాక్యాల్లో ఉంది. క్రీస్తుపూర్వం 586 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును కాల్చేసిన తర్వాత పాడిన ఏడుపులు అవి. మొత్తం ఐదు. నడిమి దానికి 66 వచనాలు. ఆ పాటలోనే, ఆకలినీ శవాలనూ చూసిన ఆ నోటితోనే, దేవుడి వాత్సల్యం తరిగిపోదని, ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందని అంటాడు. అక్కడి హీబ్రూ మాట రహమీమ్. గర్భం అనే మాటకు చుట్టం. మన భాషలో చెప్పాలంటే కడుపు తీపి. తెలుగు బైబిల్లోని వాత్సల్యం కూడా ఆవుకు దూడమీద ఉండే ప్రేమే కదా.

ఇంకో సంగతి. ఆ ఐదు పాటల్లో దేవుడు ఒక్కసారి కూడా బదులు పలకడు. ఏడ్చేవాళ్లే మాట్లాడతారు, నిలదీస్తారు, పుస్తకం కూడా ఊరట మీద కాదు, ఒక అనుమానం మీద ఆగిపోతుంది. కుడన్ నోటితో పోయినవాళ్లు బదులు పలికేవాళ్లు. ఈ దేవుడు పలకడు, కానీ వదిలిపోడు. రెండు ఓదార్పులకూ తేడా అక్కడే ఉందని నేననుకుంటాను.

పోగొట్టుకున్నదీ చెప్పాలి. విటెబ్‌స్కీ మొదట వచ్చినప్పుడు రోజూ వినిపించిన ఆ సంభాషణలు, 2017 నాటి పుస్తకానికి దాదాపు మూగబోయాయి. బాప్టిస్టు అయిన కొడుకు తల్లికి గువార్ చేయడు, సమాధి మీద సిమెంటు సిలువ పెడతాడు. తల్లి చూస్తే, పోయాక తనతో ఎవరు మాట్లాడతారని బెంగపడుతూ పోతుంది. మారని కనికరం కొడుకుకు ధైర్యమైంది, ఆమెకు మౌనమైంది. 1936లో మంగేయి గొమాంగో సోరాంగ్ సోంపెంగ్ లిపి కట్టి, అక్షరాలనే దేవుళ్లుగా నిలబెట్టింది కూడా ఈ నలిగిన కాలంలోనే. చదువూ కావాలి, మనదీ కావాలి అన్న ఆరాటం అది. అదే ఏడాది ఒడిశా రాష్ట్రం ఏర్పడి సవర నేల రెండుగా చీలింది. పర్లాకిమిడిలో ఉండి సవర పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని, మన భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి గారు ఆ ఊరే వదిలేశారు. ఆయన మతం మార్చడానికి రాలేదు. కానీ సవర మాట కాగితం మీద నిలుస్తుందని చూపించింది ఆయనే. 1960ల్లో కొత్త నిబంధన సవరలో అచ్చయింది. దేవుడు దిగువోళ్ల భాషలో కాక అమ్మ భాషలో జాలిపడటం అప్పుడు మొదలైంది.

ఇప్పుడు మన ఊళ్లలో మనిషి పోతే ఆదరణ కూడిక పెడుతున్నారు. పాస్టరు వాక్యం చెబుతాడు, పాట పాడతారు, అందరికీ అన్నం పెడతారు. అప్పు చేసి దున్న కొనక్కర్లేదు. అయితే వాక్యం అయిపోయాక వెనక వరసలో ముసలమ్మలు ఊరుకోరు. ఫోటో వైపు తిరిగి సవరలో, ఒకే మాటను రెండు రకాలుగా తిప్పి తిప్పి పాత వరసలోనే ఏడుస్తారు, "ఎందుకు పోయావు, ఎవరికి చెప్పి పోయావు" అని అడుగుతారు. జవాబు రాదని వాళ్లకు తెలుసు. కుర్ర పాస్టర్లు కొందరు ఆపమని సైగ చేస్తారు. కొందరు బైబిలు మూసి, ఏడుపు అయ్యేదాకా పక్కన కూర్చుంటారు.