రీఢ్ కీ హడ్డీ: కుర్తుబా నుంచి పంజాగుట్ట దాకా

మా దొర్నిపాడు వైపు నడుము విరిగిందంటే కారణం పెద్దగా అడగనక్కర్లేదు. చింతచెట్టు మీంచో, మిద్దె మీంచో, ట్రాక్టర్ మీది గడ్డిమోపు పైనుంచో పడి ఉంటాడు. "కమర్ టూట్ గయీ" అని పెద్దవాళ్లు అన్నారంటే ఆ ఇంటి రోజీ-రోటీ ఆగిపోయిందనే మతలబు. ఈ హడ్డీ ఇలాజ్‌కు పెద్ద తవారీఖే ఉంది.

అబుల్ ఖాసిం అజ్-జహ్రావీ (936–1013) స్పెయిన్‌లోని కుర్తుబా దగ్గరివాడు. ఆయన 30 భాగాల 'కితాబుత్-తస్రీఫ్'లో చివరి భాగమంతా జర్రాహీ గురించే. వీపు ఎముక విరిగితే ముందు మరీజ్ కాళ్లు చూడమంటాడు. కాళ్లు చచ్చుబడి, మలం తెలియకుండానే పోతుంటే ఇక ఆశ లేదు, ఇలాజ్ జోలికి పోవద్దంటాడు. అంటే లోపలి హరాం మగ్జ్ దెబ్బతిందన్నమాట. కొన్ని ఇళ్లల్లో మటన్‌లోంచి తీసి పారేస్తామే, ఆ తెల్లటి తాడే. జాలి లేని మాటలా ఉంటుంది గానీ నాకది ఈమాన్‌దారీ. తన చేతిలో లేని షిఫాను ఆయన అమ్ముకోలేదు. ఈ ఇల్మ్ అంతా ఆయన సొంతమూ కాదు, యూనానీ తబీబుల నుంచి వచ్చింది చాలా ఉంది. ఆ మాట దాచడమెందుకు? 1465లో అమాస్యాలో షరఫుద్దీన్ సాబున్‌జూఓగ్లూ ఈ జర్రాహీనే తుర్కీలో, బొమ్మలతో సహా రాశాడు.

ఆ తర్వాత చాలా జమానా గడిచాక గానీ కడ్డీలు రాలేదు. అమెరికాలో పాల్ హారింగ్టన్ గూని వంకర సరిచేయడానికి తెచ్చిన ఉక్కు కడ్డీలను తర్వాత విరిగిన వెన్నుకూ వాడారు. ఫ్రాన్స్‌లో రాయ్-కామిల్ 1963 నుంచి పూసల్లోకే స్క్రూలు దించాడు. ఇప్పుడు చేసేదీ దాదాపు అదే: విరిగిన పూసకు పైనా కిందా స్క్రూలు బిగించి, రెండు కడ్డీలతో కలుపుతారు. నరాన్ని నొక్కే ఎముక ముక్కలుంటే తీస్తారు. ఛాతీ పూసలను పక్కటెముకలు కదలనివ్వవు, నడుము పూసలు వంగుతాయి. ఆ రెండూ కలిసేచోటే ఎక్కువగా విరుగుతుంది.

తెగిన నరాన్ని ఆపరేషన్ అతికించదు. ఇది ఇంట్లోవాళ్లకు ముందే తెలియాలి. కానీ మనిషిని తొందరగా లేపి కూర్చోబెడుతుంది. పాత రోజుల్లో వీళ్ల ప్రాణం తీసింది ఎక్కువగా మంచం పుళ్లూ, మూత్రంలో చీమూ. నరం బాగుండి, ఎముక నిలకడగా ఉంటే ఆపరేషనే అక్కర్లేదు, బెల్టుతో కొన్ని నెలల్లో అతుక్కుంటుంది.

1800లో నిజాం మా సీమను కంపెనీకి ఇచ్చేశాడు. ఆ ఖాందాన్‌లోనే ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ట్రస్టు సొమ్ముతో 1964లో పంజాగుట్టలో ఎముకల దవాఖానా తెరుచుకుంది. అదే ఇవాళ్టి నిమ్స్. కర్నూలు మెడికల్ కాలేజీ 1957 నాటిది. దవాఖానాలు ఉన్నాయి సరే, పొలం నుంచి అక్కడిదాకా ఎలా తీసుకెళ్తున్నామన్నదే నా ఫికర్. భుజాలొకరు, కాళ్లొకరు పట్టి, నడుము మడిచి ఆటోలో కుదేస్తారు. మిగిలిన నరం అక్కడే పోవచ్చు. 108కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా కదపకండి. కదపక తప్పకపోతే నలుగురు కలిసి, మెడా నడుమూ వంగకుండా తలుపు చెక్క మీదికి ఒక్కసారే ఎత్తండి. కాలి వేళ్లు కదులుతున్నాయేమో అడిగి గుర్తుపెట్టుకోండి. అక్కడ డాక్టర్ సాబ్ అడిగే మొదటి మాటల్లో అదొకటి.