నూనె చుక్క చెప్పిన చరిత్ర

మా కాజీపేట స్టేషను బయట ఒకప్పుడు అంబాసిడర్ టాక్సీలు బారులు తీరి నిలిచేవి. బండి కదలిపోయిన చోట నేలమీద అరచేతి మందాన నల్లని మచ్చ మిగిలేది. "ఆయిలు కారడం లేదంటే లోపల ఆయిలే లేదన్నమాట" అని డ్రైవర్లు తమలో తాము నవ్వుకొనేవారు. చాలాకాలం నేను దానిని వట్టి హాస్యోక్తి అనుకొన్నాను. ఆ మాట వెనుక ఒక యంత్రం చరిత్ర దాగి ఉన్నదని 2012 వేసవిలో మా ఇంటి బండి నాకు బోధించింది.

అది మా అన్నగారి బండి, 1984 నాటి అంబాసిడర్. మేడారం జాతరకైనా, ఆడపిల్లల అప్పగింతలకైనా ఇంటిల్లిపాదికీ అదే వాహనం. అన్నగారు పోయిన తరువాత దానిని అమ్మడానికి వదినగారికి మనసొప్పలేదు. అయిదు నెలలు వాకిట్లో కదలక మెదలక ఉన్న బండిని మళ్ళీ నడపడం మొదలుపెట్టగానే క్లచ్ గృహం అడుగు నుండి ఆయిలు బొట్లుబొట్లుగా కారసాగింది. వారం తిరిగేసరికి బొట్టు కాస్తా ధార అయింది. ఒక మెకానిక్కు వంగి చూసి, "వెనుక సీలు పోయింది, ఇంజను దింపాలి" అన్నాడు. అతడు చెప్పిన ఖర్చుకు నా నెల జీతం చాలదు. మరొకడు ఇంకా సూటిగా, తుక్కు కింద అమ్మేయమన్నాడు. ఆ మాట వదినగారి చెవిని పడనీయలేదు.

ఇక్కడ కొంత పూర్వకథ చెప్పుకోవాలి. బి.ఎం. బిర్లా 1942లో స్థాపించిన హిందుస్తాన్ మోటార్స్ తొలుత గుజరాతులోని ఓఖా రేవులో ఉండేది. 1948లో కలకత్తా సమీపాన హుగ్లీ ఒడ్డునున్న ఉత్తరపారాకు తరలింది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు 1957లో అక్కడ అంబాసిడర్‌గా అవతరించింది. రెండేళ్ళకు, అంటే 1959లో, పాత ఇంజను స్థానంలో 1489 సీసీ ఇంజను వచ్చింది. అది పుట్టుకతో మోరిస్ వారిది కాదు. పోటీదారైన ఆస్టిన్ వారి వంశం. ఆ రెండు సంస్థలూ 1952లో ఏకమైనందువల్ల ఒకరి దేహంలో మరొకరి గుండె అమరింది.

ఆ ఇంజనులో క్రాంకు షాఫ్టును మూడు బేరింగులు మోస్తాయి. షాఫ్టు వెనుక కొసన రబ్బరు సీలు ఉండదు. దానికి బదులు షాఫ్టు మీదనే మరచుట్టు వంటి గాడి తొలిచి ఉంటుంది. షాఫ్టు తిరిగేటప్పుడు ఆ గాడి, వెలికి పోజూచే ఆయిలును మళ్ళీ లోపలికి నెడుతుంది. ఇంజను ఆగితే గాడి పనీ ఆగుతుంది. బేరింగులు అరిగి సందు పెరిగితే ఆ ఉపాయం మరింత బలహీనపడుతుంది. కాబట్టి ఒకటి రెండు చుక్కలు దాని స్వభావమే. డ్రైవర్ల హాస్యానికి మూలం ఇదే. ఇంగ్లండులో 1964లో ఎంజీబీ కారుకు అయిదు బేరింగుల ఇంజను వచ్చినప్పుడు రబ్బరు సీలు కూడా వచ్చింది. మన 1489 మాత్రం పాత పద్ధతిలోనే సాగింది. అంటే, మెకానిక్కు పోయిందన్న సీలు మా ఇంజనులో పుట్టుకతోనే లేదు!

ఈ సంగతి నాకు చెప్పినవాడు హన్మకొండలో ఒక చిన్న షెడ్డు నడిపే వృద్ధ మేస్త్రీ. "సారూ, ఇంజను దించొద్దు. ముందుగాల కడుగుదాం" అన్నాడు. కిరసనాయిలుతో ఇంజనును పైనుండి కింది దాకా కడిగి ఆరబెట్టాడు. "బడి సుద్దముక్కలున్నయా?" అని అడిగాడు. నేను పొడిచేసి ఇచ్చిన సుద్దను ఇంజను పక్కలనంతటా చల్లి, పావుగంట సేపు బండిని నడిపాడు. తరువాత టార్చిలైటు వేసి నన్ను పిలిచాడు. తెల్లని సుద్ద మీద నల్లని చార, మేనిఫోల్డుల కిందుగా, వెనుకవైపు టాపెట్ మూత అంచున మొదలై, ఇంజను వీపు వెంట జారి, క్లచ్ గృహం అడుగున చుక్కగా మారుతోంది. ఆయిలు కనబడిన చోటు ఒకటి, పుట్టిన చోటు మరొకటి.

నాకు తాళపత్ర ప్రతుల పరిష్కారం జ్ఞాపకం వచ్చింది. పది ప్రతులలో ఒకే తప్పు కనబడితే పదిచోట్ల దిద్దబోము. పైనున్న ఏ మాతృకలో ఆ తప్పు పుట్టిందో వెదుకుతాము. లేఖకుని తప్పయినా, ఇంజనులోని ఆయిలయినా కిందికే ప్రవహిస్తుంది.

మేస్త్రీ అంతటితో ఆగలేదు. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీస్తే గాలి ఉసురుసురుమంటూ ఎగదన్నింది. "దీనికి ఊపిరాడ్తలేదు సారూ, అందుకే కక్కుతున్నది" అన్నాడు. పిస్టనుల పక్కనుండి జారే వాయువులు వెలికిపోవడానికి ముందు టాపెట్ మూత నుండి ఒక గొట్టం కిందికి దిగుతుంది. దాని మూతిలో కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టింది! పైనున్న రెండవ గొట్టం ఏనాటి మడ్డితోనో పూడిపోయి ఉంది. దారిలేని వాయువు ఆయిలును బలహీనమైన అంచు నుండి తోసేస్తోంది. అయిదు నెలల మా అశ్రద్ధకు ఫలమది.

మేనిఫోల్డులు విప్పి, ఎండి పెళుసెక్కిన బెండు గాస్కెట్టు తీసి కొత్తది వేశాడు. ఆ మూతను పట్టి ఉంచేది నడుమనున్న ఒకే ఒక బోల్టు. కారుతోందని అంతకుముందు నేనే రెండుసార్లు దానిని గట్టిగా బిగించాను. ఆ బిగింపుకు రేకు నడుమ లొత్తపడి అంచులు పైకి లేచాయట. మేస్త్రీ దానిని బల్లమీద సుత్తితో మెల్లగా సమం చేసి, "గింతే చాలు" అంటూ చేతి ఒడుపుతో బిగించాడు. గొట్టాలు శుభ్రం చేశాడు. ఇంజను దింపలేదు. ముప్పయి ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పిన నేను ఆ బోల్టు దగ్గర నేర్చిన పాఠం వేరు: బిగించిన కొద్దీ నిలిచేవి కొన్ని, బిగిస్తే వంకరపోయేవి కొన్ని.

ఉత్తరపారాలో 2014 మే నెలలో పని ఆగిపోయింది. అంబాసిడర్ ఇక చరిత్ర. ఆ వార్త చదివిన సాయంత్రం వదినగారిని ఎక్కించుకొని భద్రకాళి గుడికి వెళ్ళివచ్చాను. మరునాటి ఉదయం బండి కింద ఒకే ఒక చుక్క ఉంది. తుడవలేదు. అది దాని స్వభావం.