రెండేళ్లు అనుకున్నది 312 రోజులు

2009 ఆగస్టు 29. అర్ధరాత్రి దాటాక 12.25 దాకా బెంగళూరు శివారు బ్యాలాలులోని యాంటెన్నాకు, చంద్రుడి చుట్టూ తిరుగుతున్న ఇస్రో నౌక చంద్రయాన్-1 నుంచి డేటా వస్తూనే ఉంది. ఒకటిన్నరకు సంబంధం తెగింది. ఆ తర్వాత ఎంత పిలిచినా పలకలేదు.

పది నెలల కిందట అది వెళ్లిన తీరు వేరు. 2008 అక్టోబరు 22 ఉదయం 6.22కు శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ-సీ11 ఎక్కి బయల్దేరింది. 386 కోట్ల ఖర్చు, పదకొండు పరికరాలు, వాటిలో ఆరు విదేశాలవి. నవంబరు 14న దాని నుంచి విడిపడ్డ చిన్న పెట్టె ఒకటి మూడు రంగుల జెండాతో చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర పడింది. దేశం పండగ చేసుకున్న ఆ నెలలోనే నౌక లోపల వేడి 50 డిగ్రీలకు చేరింది. నౌకను కాస్త తిప్పి, కొన్ని పరికరాలు ఆపి చల్లబరిచారు.

ఈ వేడికి కరెంటుతోనూ లంకె ఉంది. ఇలాంటి నౌకలో కరెంటు నిలకడగా రాదు. వంద కిలోమీటర్ల ఎత్తులో చంద్రుణ్ని ఒకసారి చుట్టడానికి రెండు గంటలకు రెండు నిమిషాలు తక్కువ. ఎండలో ఉన్నంతసేపు సౌరఫలకం, నీడలోకి వెళితే బ్యాటరీ. ఇస్రో ఉపగ్రహాలు కొన్నిటిలో పరికరాలన్నిటికీ కరెంటు పంచే ప్రధాన లైను వోల్టేజి (బస్ వోల్టేజి) 28 నుంచి 42 దాకా ఊగుతుంది. కంప్యూటర్‌కు మాత్రం 5 వోల్టులంటే 5 వోల్టులే కావాలి. ఈ ఊగిసలాటనంతా మధ్యలో కూర్చుని మింగేది డీసీ-డీసీ కన్వర్టర్. దాన్ని ఎంచేటప్పుడు అందరి కళ్లూ పై వోల్టేజి మీదే ఉంటాయి, అందులోని స్విచ్ తట్టుకుంటుందా అని. నన్నడిగితే కింది కొసే ఎక్కువ ప్రమాదం. 42 దగ్గర రెండు ఆంపియర్లు లాగేది అదే పని చేయడానికి 28 దగ్గర మూడు లాగాలి. కరెంటు ఒకటిన్నర రెట్లయితే తీగల్లోనూ స్విచ్‌లోనూ పుట్టే వేడి రెండు రెట్లు దాటుతుంది. భూమ్మీదైతే గాలి కొంత మోసుకుపోయేది. అక్కడ ఆ వేడి పెట్టె అడుగు పలకలోంచే బయటికి పోవాలి. కింద పగటి చంద్రుడే సెగలు కక్కుతుంటే ఆ పలక చల్లబడేదెప్పుడు?

2009 వేసవిలో దిశ చూపే స్టార్ సెన్సర్లు పోయాయి. జైరోస్కోపులతో, యాంటెన్నా గురిని ఆసరా చేసుకుని నౌకను నడిపారు. ఆ నేర్పు మెచ్చుకోదగ్గదే. మే 19న కక్ష్యను 200 కిలోమీటర్లకు పెంచారు. లక్ష్యాలు చాలావరకు నెరవేరాయి కాబట్టి ఇక విశాలంగా చిత్రాలు తీయొచ్చనీ, చంద్రుడి గురుత్వాకర్షణలో తేడాలు చూడొచ్చనీ అప్పుడు ప్రకటించారు. అంతా అయిపోయాక సెప్టెంబరులో బెంగళూరు ఉపగ్రహ కేంద్రం డైరెక్టర్ టి.కె.అలెక్స్ అసలు సంగతి బయటపెట్టారు: వంద కిలోమీటర్ల ఎత్తులో ఉష్ణోగ్రత 75 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుందని లెక్కేసుకున్నాం, అంతకు మించింది, అందుకే పైకి లేపాల్సి వచ్చిందని. ఈ మాట మే నెలలోనే చెప్పి ఉంటే ఎవరి పరువూ పోయేది కాదు.

చివరి దెబ్బ విద్యుత్ సరఫరాది. నౌకలోని రెండు కంప్యూటర్లకూ కరెంటు ఇచ్చే ఏర్పాటు విఫలమవడం వల్లే సంబంధం తెగిందని ఇస్రో శాస్త్రవేత్తలు చెప్పారు. ఒకటి పోతే రెండోది ఉందన్న ధీమా అక్కడ పనికిరాలేదు. ఒకే పొయ్యి మీద పెట్టిన రెండు గిన్నెల్లో ఒకదాన్ని స్పేరు అనుకోవడం లాంటిదది.

నౌక మూగబోయిన దాదాపు నాలుగు వారాలకు, సెప్టెంబరు 24న, చంద్రుడి నేల మీద నీటి జాడ దొరికిందన్న వార్త ప్రపంచమంతా పాకింది. దాన్ని పట్టింది చంద్రయాన్ మోసుకెళ్లిన నాసా పరికరం ఎం3. తక్కువ స్పష్టతతో చంద్రుణ్ని దాదాపు అంతా చిత్రించగలిగింది గానీ, ఎంచుకున్న చోట్లను పూర్తి స్పష్టతతో తీయాల్సిన పని చాలావరకు జరగనేలేదు.