రెమ్

రెమ్ అనేది వెబ్ పేజీల రూపకల్పనకు వాడే సీఎస్‌ఎస్ భాషలోని సాపేక్ష కొలమానం. దీని విలువ పేజీ మూల ఎలిమెంట్ అక్షర పరిమాణానికి సమానం. 1996 డిసెంబరు 17న వెలువడిన తొలి సీఎస్‌ఎస్ ప్రమాణంలో ఎమ్, పిక్సెల్ వంటి కొలమానాలు ఉండగా, రెమ్ మూడో స్థాయి ప్రమాణంలో చేరింది. అక్షర పరిమాణంలో ఎమ్ మాతృ ఎలిమెంట్‌పై ఆధారపడుతుంది; ఒకదానిలో ఒకటిగా ఉన్న రెండు ఎలిమెంట్లకు 1.2 ఎమ్ ఇస్తే లోపలిది 1.44 రెట్లవుతుంది. రెమ్‌లో ఈ గుణకారం ఉండదు. చాలా బ్రౌజర్లలో మూల పరిమాణం 16 పిక్సెళ్లు కాబట్టి 1.5 రెమ్ 24 పిక్సెళ్లవుతుంది. పాఠకులు బ్రౌజర్ సెట్టింగులలో మూల పరిమాణాన్ని 20కి పెంచితే అదే 30 అవుతుంది. పిక్సెళ్లలో స్థిరపరచిన అక్షరాలు ఈ మార్పును అనుసరించవు. అందువల్ల చూపు మందగించినవారికి అనువైన పేజీలలో అక్షరాలకు, అంతరాలకు రెమ్‌ను, తెరను బట్టి మారాల్సిన వెడల్పులకు శాతాలను వాడతారు.